మూడు చోట్ల ఇంటు మార్కు, మూడు సంతకాలు: ఎన్‌ఐసీయూలో మా 34 రోజులు

బాబును ఇంటికి తెచ్చి పది రోజులైంది. ఇంకా అర్ధరాత్రి మానిటర్ మోగినట్టనిపించి లేచి కూర్చుంటున్నాను. కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నా.

మాది బోడుప్పల్. 30 వారాలకే మా ఆవిడకు బీపీ విపరీతంగా పెరిగిపోయింది, ఉప్పల్‌లో మేం చూపించుకుంటున్న నర్సింగ్ హోంలోనే ఆపరేషన్ చేసి బాబును తీశారు. 1,280 గ్రాములు. అక్కడ ఎన్‌ఐసీయూ, అంటే పసికందుల ఐసీయూ, లేదు, అందుకని గంటలోపే అంబులెన్సులో సికింద్రాబాద్ వైపు ఒక పెద్ద ఆసుపత్రికి తరలించారు. పేరు రాయను, బాబును ఇంకా అక్కడే చూపించాలి. ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి గొట్టంలోంచి సర్ఫాక్టెంట్ వేశారు, ఊపిరికి సాయంగా ముక్కు దగ్గర గాలి ఒత్తిడితో పంపే సీప్యాప్ పెట్టారు, మూడో రోజుకు పరవాలేదన్నారు. ఇదంతా సాఫీగానే జరిగింది, అక్కడి సిస్టర్లకు చేతులెత్తి దండం పెడతాను.

తల్లి ఉప్పల్‌లో, బిడ్డ సికింద్రాబాద్‌లో, నేను హబ్సిగూడ, తార్నాక సిగ్నళ్ళ దగ్గర. బండికి తగిలించిన స్టీలు టిఫిన్ డబ్బాలో ఐసు ముక్కలు, వాటి మధ్య చిన్న సీసాలో ముర్రుపాలు. మొదటిసారి పట్టుకెళ్ళినవి 3 ఎంఎల్. సిస్టర్ సిరంజిలోకి లాగుతూ సీసా మూతికి అంటుకున్న చుక్కను కూడా వదల్లేదు. "బంగారం సార్ ఇది" అంది. ఆ మాట ఉప్పల్ వెళ్ళి చెప్తే మా ఆవిడ ఏడ్చింది, ఆ పూట పాలు కూడా కొంచెం ఎక్కువ వచ్చాయి.

నాలుగో రోజు రాత్రి 10:40కి ఫోన్. "సార్, ఒక సంతకం కావాలి, వెంటనే రండి." ఏమైందంటే చెప్పరు. బండి మీద వెళ్తుంటే ఏమేం ఆలోచనలొచ్చాయో రాయలేను.

ఎన్‌ఐసీయూ బయట కారిడార్‌లో, చెప్పులు విడిచే స్టాండు పక్కన, వేరే పిల్లల వాళ్ళు ఆరేడుగురు కూర్చుని ఉన్నారు. అక్కడే నిలబెట్టి డ్యూటీ డాక్టర్ ఒకే వాక్యంలో తేల్చేశాడు: ఎకోలో (గుండె స్కానింగ్) గుండె దగ్గర పీడీఏ కనపడింది, మందు పెట్టాలి, పని చేయకపోతే సర్జరీ. సర్జరీ అనే మాట విన్నాక నాకు మిగతాది వినపడలేదు. చేతికి రెండు పేజీల ఇంగ్లీషు ఫారం, పెన్ను. మూడు చోట్ల పెన్సిల్‌తో ఇంటు మార్కులు. మందు పేరు చేత్తో రాశారు, కింద "వేరే మార్గాలు" అన్న గడి మాత్రం ఖాళీ. ఆ పక్కనే అచ్చులో "నాకు అర్థమయ్యే భాషలో అన్నీ వివరించారు" అని ఇంగ్లీషులోనే ఉంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నేను బ్యాంకులో లోన్ సెక్షన్‌లో పని చేస్తాను. రోజుకు పది మందికి నేనే ఇంటు మార్కులు పెట్టి "ఇక్కడ, ఇక్కడ, ఇంకా ఇక్కడ" అని ఫారాలు ఇస్తాను. ఎవరైనా చదవబోతే వెనక క్యూ చూపిస్తాను.

అయినా ధైర్యం చేసి అడిగాను: "మందు పెట్టకుండా రెండు రోజులు చూసే వీలుంటుందా సార్?" అంతే. "మీరు డిసైడ్ చేస్తారా, మేం చెయ్యాలా? గూగుల్ చదువుకొచ్చేవాళ్ళతో ఇదే ప్రాబ్లం. లేటైతే బాధ్యత మీదే, అదీ రాసివ్వండి" అన్నాడు, అందరికీ వినపడేలా. నేను గూగుల్ చూడనే లేదు, ఫోన్‌లో చార్జింగే లేదు. బెంచీ మీది పెద్దాయన ఒకరు "పెట్టేయ్ బాబూ, వాళ్ళకు తెల్వదా" అన్నారు. పెట్టేశాను. మూడు చోట్లా. చేయి వణికి రెండో సంతకం నా సంతకంలా కూడా లేదు. బ్యాంకులో అయితే రిజెక్ట్ చేసేవాణ్ణి.

మరి తల్లికి చెప్పాలి కదా అంటే, "ఫాదర్ సైన్ చాలు సార్". బాబు కాలికున్న ట్యాగ్ మీద "బేబీ ఆఫ్" అని మా ఆవిడ పేరు, ఫైలు మీద అదే పేరు, మందుల బిల్లు మీద కూడా అదే పేరు. అడగడానికి మాత్రం ఆమె అక్కర్లేదు. ఇందులో నా తప్పు కూడా ఉంది. అర్ధరాత్రి మా అత్తయ్యకు ఫోన్ చేస్తే "దానికి చెప్పకు బాబూ, పచ్చి బాలింత, బెంగతో పాలు ఎండిపోతాయి" అంది. సరేనన్నాను. మా ఆవిడ ఫోన్ తీసుకుని అడిగితే "అంతా బాగానే ఉంది, పడుకో" అన్నాను.

మర్నాడు డిశ్చార్జ్ కాగానే ఇంటికి వెళ్ళనని పట్టుబట్టి కుట్లతోనే తిన్నగా సికింద్రాబాద్ వచ్చింది. వీల్‌చైర్‌లో కూర్చుని బాబు వేలు ముట్టుకుని, పక్కనున్న ఫైలు తెరిచింది. సంతకం చూసింది, తేదీ చూసింది, టైము చూసింది. "నాకు బాగానే ఉందని చెప్పింది దీని తర్వాతేనా?" అని మాత్రం అడిగింది. నేను నేల చూశాను.

తర్వాత ఆమె చేసింది నేను చేయలేకపోయాను. రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టరమ్మను ఆపి రెండే ప్రశ్నలు వేసింది. ఈ మందు ఇవాళే పెట్టకపోతే ఏమవుతుంది? పెడితే ఏం ఇబ్బంది రావచ్చు? ఆవిడ విసుక్కోలేదు. కేస్ షీట్ వెనక గుండె బొమ్మ గీసి చూపించింది. కడుపులో ఉన్నప్పుడు గుండెనుంచి వచ్చే రెండు పెద్ద రక్తనాళాల మధ్య ఒక అడ్డదారి ఉంటుందట, పుట్టాక మూసుకుపోవాలి, నెల తక్కువ పిల్లల్లో కొన్నాళ్ళు తెరిచే ఉండొచ్చు (పీడీఏ అంటే ఇదే), చాలామందిలో దానంతటదే మూసుకుంటుంది. మందుల్లో ఐబుప్రొఫెన్ ఉంది, పారాసిటమాల్ ఉంది, ఐబుప్రొఫెన్ అయితే కిడ్నీల మీద కన్నేసి ఉంచాలి. ఎవరికి వెంటనే పెట్టాలి, ఎవరిని చూస్తూ ఆగాలి అన్నదాని మీద డాక్టర్లలోనే ఒక్క మాట లేదని ఆవిడే చెప్పింది. ముందు రోజు రాత్రి నేనడిగిన ప్రశ్నే అది!

ఇంకో సంగతి: మందు ఇంకా మొదలే పెట్టలేదు. కిడ్నీ రిపోర్టు కోసం ఆగారట. నన్ను రాత్రి 11కి పరుగులు పెట్టించిన సంతకం మర్నాడు మధ్యాహ్నం దాకా ఫైల్లో హాయిగా నిద్రపోయింది.

బాబుకు ఆక్సిజన్ అవసరం పెరగడం లేదు కాబట్టి 48 గంటలు చూసి మళ్ళీ ఎకో తీద్దాం, శ్వాస ఇబ్బంది పెరిగితే ఆ క్షణమే మందు, అని ముగ్గురం కలిసి అనుకున్నాం. మూడో రోజు ఎకోలో దారి సన్నబడింది, రెండో వారానికి మూసుకుంది. ఇది చదివి అందరూ మందు వద్దనకండి. మా పక్క బెడ్డు పాపకు అదే మందు వెంటనే పెట్టారు, పెట్టాల్సిందే, పాప కోలుకుంది.

తర్వాత మా బ్యాంకు లాయరుగారు చెప్పారు, 2008లోనే సుప్రీం కోర్టు ఒక కేసులో స్పష్టంగా చెప్పిందట: చికిత్స ఏమిటి, ఎందుకు, వేరే మార్గాలేమున్నాయి, రిస్కులేమిటి, ఇవన్నీ చెప్పి తీసుకుంటేనే అది సమ్మతి. 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఆ నిబంధన ఉన్న కాగితం పట్టుకుని నేను రికార్డ్స్ కౌంటర్‌కు వెళ్ళాను, రెండో రోజే మొత్తం జిరాక్సులు వచ్చాయి, ఇది మాత్రం నా ఘనతే. ఇంకో సలహా: నెలలు నిండకుండా ప్రసవం అయ్యేలా ఉందంటే, కడుపులో బిడ్డ ఉండగానే ఎన్‌ఐసీయూ ఉన్నచోటికి మారండి, వీలైతే. మా నర్సింగ్ హోం వాళ్ళు ముందే పంపి ఉంటే తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట అయ్యేవాళ్ళు కాదు.

మిగతా రోజులు సజావుగానే గడిచాయి. మా ఆవిడ రోజూ గంటలకొద్దీ బాబును గుండెల మీద పెట్టుకుని కంగారూ కేర్ చేసింది, నాకూ రెండుసార్లు ఛాన్స్ వచ్చింది, చొక్కా విప్పడానికి సిగ్గుపడ్డాను. బరువు 1,760 అయ్యింది.

నెల తక్కువ పిల్లలకు నెలలోపు కంటి రెటీనా పరీక్ష చేయించాలి, దానికీ ఒక ఫారం. కౌంటర్ అబ్బాయి అలవాటుగా పెన్ను నాకు చాచాడు. నేను మా ఆవిడకిచ్చాను. ఆమె రెండు పేజీలూ తాపీగా చదివింది. వెనకాల క్యూ గొణుగుతోంది. చివరికి ఒకచోట వేలు పెట్టి "ఇక్కడ ఖాళీగా ఉంది, నింపి ఇవ్వండి" అంది. ఆ అబ్బాయి సాయం కోసం నా వైపు చూశాడు. నేను గోడ మీది టోకెన్ నంబర్లు చూస్తూ నిలబడ్డాను.