అమ్మమ్మ ఊరు ఎప్పుడూ తెరిచే ఉంటుందా?

"అమ్మమ్మ వాళ్ల ఊరు ఎప్పుడైనా తెరిచే ఉంటుంది కదమ్మా. ఫుర్కా అట్లా కాదు." జూలైకి హైదరాబాద్ టికెట్లు చూస్తున్న నాతో పదమూడేళ్ల మా అమ్మాయి అన్న మాట ఇది. ఈసారి హన్మకొండ రానంది. వాళ్ల నాన్నతో కలిసి, మేముండే స్విట్జర్లాండ్‌లో ఫుర్కా పాస్ అనే కొండ దాటే రోడ్డును సైకిల్ మీద ఎక్కుతానంది.

వారం రోజులు ఇంట్లో ఇదే గొడవ. చివరికి నేనొక్కదాన్నే వచ్చాను. బయట ముసురు పట్టింది, పక్క గదిలో అమ్మ బియ్యం ఏరుతోంది, నేను ఫోన్ పక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను.

తను చెప్పిన లెక్కలో తప్పేం లేదు. ఫుర్కా 2,429 మీటర్ల ఎత్తున ఉంటుంది. చలికాలమంతా రోడ్డు మంచు కిందే. మే చివర్లోనో జూన్‌లోనో యంత్రాలు మంచు తొలిచి దారి తెరుస్తాయి. శరత్కాలంలో మంచు మొదలవగానే మళ్లీ మూసేస్తారు. మా పిల్లల పెద్ద సెలవులు, తెరిచిన దారి రెండూ కలిసొచ్చేది జూలై, ఆగస్టుల్లోనే. ఊరికి రావడానికి మాకు దొరికేదీ ఆ వారాలే. అందుకని ప్రతి ఏడూ రెండింట్లో ఒకటి పోవాల్సిందే. ఇన్నేళ్లూ ఏది పోవాలో నిర్ణయించింది నేనే.

ఈ కొండల పిచ్చి తనకు పట్టించింది కూడా మేమే. స్విట్జర్లాండ్ వచ్చిన కొత్తలో నాకు పద్మాక్షి గుట్ట ఎక్కిన అనుభవం తప్ప కొండల గురించి ఏమీ తెలియదు. చిన్నపిల్లతో ఎక్కడికి వెళ్లాలో తెలియక, పోస్ట్ బస్సులో పాస్ పైదాకా వెళ్లి, కిందికి నడిచి వచ్చేవాళ్లం. కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు ఎవరడిగినా ఇప్పటికీ అదే చెబుతాను. ఎక్కే కష్టం బస్సుకు వదిలేయండి, పిల్లలకు ముందు కొండ నచ్చాలి. అక్కడి పసుపు బోర్డుల మీద దూరం రాయరు, నడకకు పట్టే సమయం రాస్తారు. అది ఆగకుండా నడిచే పెద్దవాళ్ల సమయం, పిల్లలతో అయితే దానికి సగం కలుపుకోండి. తెలుపు, ఎరుపు, తెలుపు గీతలున్నది కొండదారి, మంచి బూట్లు ఉండాలి. తెలుపు, నీలం, తెలుపు గీతలు కనబడితే పిల్లలతో అటు పోవద్దు. వేసవిలో మధ్యాహ్నం దాటాక ఉరుములు, మెరుపులు ఎక్కువ. పొద్దున్నే బయల్దేరాలి.

తనకు సైకిల్ మీద మనసు పడింది గొట్టార్డ్ అనే ఇంకో పాస్ దగ్గర. 1980లో దాదాపు 17 కిలోమీటర్ల సొరంగం వచ్చాక కార్లు ఎక్కువగా కొండ కింద నుంచే పోతున్నాయి. దక్షిణం వైపు ట్రెమోలా అనే పాత రోడ్డు ఇప్పటికీ రాళ్లు పరిచే ఉంది, 24 మలుపులు. మేం నడిచి దిగుతుంటే ఒక ముసలాయన ఆ రాళ్ల మీద సైకిల్ తొక్కుకుంటూ, ఎక్కడా దిగకుండా పైకి పోతున్నాడు. మా అమ్మాయి నిలబడి ఆయన కనబడకుండా పోయేదాకా చూసింది. ఆ తర్వాత పుట్టినరోజుకు ఏం కావాలని అడగాల్సిన పని మాకు లేకుండా పోయింది.

సైకిల్ విషయంలో నా టెన్షన్ ఎక్కడం గురించి కాదు. చిన్న గేర్లు ఉంటే, ఓపిక ఉంటే ఎక్కొచ్చు. రెయాల్ప్ ఊరి నుంచి ఫుర్కాకు దాదాపు 900 మీటర్ల ఎత్తు ఎక్కాలి, పైకి పోయేకొద్దీ గాలి పలచనవుతుంది, ఆయాసం వస్తుంది, అంతే. నాకు భయమంతా దిగేటప్పుడే. బ్రేకులు పట్టుకునే ఉంటే వేడెక్కుతాయి. మలుపు ముందు గట్టిగా పట్టి, తర్వాత వదలాలి. ఎక్కేటప్పుడు పట్టిన చెమట దిగేటప్పటి గాలికి వణికిస్తుంది, అందుకే పొడి బనియను, జాకెట్, పూర్తి వేళ్ల గ్లవుజులు వెంట ఉండాల్సిందే. ఇవన్నీ రాసి ఫ్రిజ్ మీద అంటించి వచ్చాను.

వాళ్లు ఎక్కిన రోజు ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర, అక్కడ తొమ్మిది. అమ్మ అన్నం తినకుండా నా పక్కనే కూర్చుంది. "గంత మీద అన్నం ఎక్కడ దొరుకుతది బిడ్డా?" అని అడిగింది. తర్వాత ఫొటోలు వచ్చాయి. పాస్ దాటాక రోన్ హిమానీనదం ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో దాని మంచు కింద లోయలో గ్లెచ్ దాకా ఉండేది. ఇప్పుడు కొండపైకి వెనక్కి పోయింది. మంచులో తొలిచిన గుహ కరిగిపోకుండా దాని మీద ఏళ్లుగా వేసవిలో తెల్లటి గుడ్డలు కప్పుతూ వచ్చారు. మా అమ్మాయి ఫొటోలో ఆ గుడ్డలు మట్టి పట్టి, అంచులు చిరిగి, చిరుగుల్లోంచి నీలం మంచు కనబడుతోంది. అమ్మ ఫోన్ దగ్గరికి తీసుకుని చూసింది. "మంచుకు చెద్దర్లు కప్పుడేంది?" అంది. చాలాసేపు ఆ ఒక్క ఫొటోనే చూసింది.

ఇంకో ఫొటోలో తను రెండు చేతులూ రెండు వైపులకు చాపి నిలబడింది. కింద రాసింది: ఎడమ చేతి నీళ్లు రాయిస్ నదిలో, తర్వాత రైన్‌లో కలిసి ఉత్తర సముద్రానికి, కుడి చేతి నీళ్లు రోన్ వెంట మధ్యధరాకు. అమ్మకు చదివి వినిపించాను. "మనకూ అట్లనే గదా. రామప్ప నీళ్లు గోదాట్లకు పాయె, పాకాల నీళ్లు మున్నేట్ల కలిసి కృష్ణల పడె" అంది.

నేను ఇక్కడే పుట్టి పెరిగాను. రామప్పకు ఎన్నిసార్లు పోయానో, నర్సంపేట మీదుగా పాకాలకు ఎన్నిసార్లు పోయానో. ఈ రెండు చెరువుల నీళ్లు వేర్వేరు నదులకు పోతాయని ఎప్పుడూ ఆలోచించలేదు. కళ్లకు కనబడే కొండేమీ లేకుండానే మా పాత వరంగల్ జిల్లా నేల ఒక వాన నీళ్లను రెండు నదులకు పంచుతోంది. ఇది మా అమ్మాయికి చెప్పాలని ఎంత సంబరపడ్డానో! ఫోన్ చేతిలోకి తీసుకున్నాక ఆగాను. తనకు వరంగల్ మీద ఇష్టం కలగాలంటే అందులోనూ ఒక ఫుర్కా చూపించాలా? ఈ ఊరిని ఈ ఊరిగా ఇవ్వడం నాకు చేతనవుతుందా? నాకు తెలియడం లేదు.

అమ్మకు మాత్రం ఈ చిక్కులేవీ లేవు. చిన్నప్పుడు ఎడ్లబండ్లు కట్టుకుని తాడ్వాయి అడవి మీదుగా మేడారం పోయిన సంగతులు చెప్పింది. రాత్రిళ్లు అడవిలోనే వంట, అడవిలోనే నిద్ర. "దానికి ఆ గుట్టలు, మాకు ఈ అడవి" అంది. మనవరాలు రాలేదని ఒక్క మాట కూడా అనలేదు. అననందుకే నాకు మరింత బాధగా ఉంది. అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. మోకాళ్లు పట్టుకుని లేస్తోంది. పాస్ వచ్చే జూన్‌లో మళ్లీ తెరుచుకుంటుంది. ఈ మాట మా అమ్మాయితో అనలేదు. పదమూడేళ్ల పిల్ల మీద అంత బరువు పెట్టడం న్యాయం కాదనుకున్నాను. చెప్పకుండా ఉంచడం న్యాయమా అంటే దానికీ నా దగ్గర జవాబు లేదు.

మేడారం జాతరకైనా తీసుకురావాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. అది రెండేళ్లకోసారి మాఘమాసంలో, నాలుగు రోజులే. అప్పుడు స్కూల్ ఉంటుంది. మేముండే జ్యూరిక్‌లో కారణం చెప్పకుండా తీసుకోగలిగే సెలవు ఏడాదికి రెండు రోజులే, వాటిని జోకర్ డేస్ అంటారు. రెండు రోజుల్లో మేడారం వచ్చి పోలేం.

నిన్న తనే ఫోన్ చేసి డిసెంబర్‌లో వస్తానంది. అప్పుడు ఫుర్కా మూసే ఉంటుంది. అమ్మమ్మ చెప్పిన చెరువుల సంగతి ఎట్లాగో వినింది, ఆమెకే ఫోన్ చేసి ఉంటుంది. హన్మకొండ నుంచి రామప్పకు సైకిల్ మీద పోతానంది.

వద్దన్నాను. తను పూర్తిగా చెప్పనే లేదు, నా నోట్లోంచి వద్దు అని వచ్చేసింది. ములుగు రోడ్డు మీద ఇసుక లారీలు, ఎదురుగా వచ్చే బస్సులు, అడ్డం వచ్చే గేదెలు. ఫుర్కా నుంచి ఒక పక్క లోయ ఉన్న రోడ్డు మీద దిగిన పిల్లను నేను పుట్టిన ఊళ్లో సైకిల్ ఎక్కనివ్వను. ఎందుకని అడిగింది. లారీలన్నాను. అది నిజమే, కానీ అదొక్కటే కాదు. అక్కడ దాని ధైర్యం చూసి గర్వపడతాను, ఇక్కడికి రాగానే నా కొంగు పట్టుకుని నడిచే చిన్నపిల్లగా ఉండాలని కోరుకుంటాను. ఇది సరైనది కాదని తెలిసినా మనసు అటే లాగుతుంది.

మా తమ్ముడు పొద్దున్నే బయల్దేరితే లారీలు తక్కువంటున్నాడు. ములుగు దాకా కార్లో పోయి, అక్కడి నుంచి తను సైకిల్ తొక్కితే అదే కార్లో వెనకాలే వస్తానంటున్నాడు. అమ్మ అప్పుడే దారిలో తినడానికి సకినాలు చేస్తానంటోంది. నేనింకా సరే అనలేదు.