జీను ముందుగా సరిపోవలసింది గుర్రానికి

జీను ఎంచుకునేటప్పుడు చాలామంది మొదట తోలు నాణ్యతనూ, ఆ తరువాత కూర్చునే చోటు మెత్తదనాన్నీ పరీక్షిస్తారు. నా దృష్టిలో ఈ రెండూ చివరన చూడవలసినవి. రౌతు బరువును వెన్నెముకకు ఇరువైపులా ఉన్న కండరాల మీదికి సమంగా పంచేది లోపల దాగి ఉండే చట్రం కాబట్టి, ముందు దాని వెడల్పు తేల్చుకోవాలి.

కింద గుడ్డ వేయకుండా, జీనును మూపు (మెడ వీపును కలిసే చోట ఎత్తుగా ఉండే భాగం) మీద కాస్త ముందుకు పెట్టి, అది తనంతట తాను కుదురుకునే వరకు మెల్లగా వెనక్కి జరపాలి. గుర్రం ముందరి కాలు చాచినప్పుడల్లా భుజపుటెముక పైభాగం వెనక్కి కదులుతుంది. అందుకు చోటు వదలని ఇరుకు చట్రం ఆ ఎముకను అడుగడుగునా అడ్డగిస్తుంది. మరీ వెడల్పైనదేమో కిందికి దిగి మూపునే నొక్కుతుంది. మూపుకూ జీనుకూ నడుమ రెండు మూడు వేళ్ళు పట్టే ఖాళీ ఉండాలి, అదీ రౌతు ఎక్కి కూర్చున్నాక. గుర్రానికి సాధారణంగా 18 జతల పక్కటెముకలుంటాయి. చివరి పక్కటెముక వెన్నును కలిసే చోటు దాటి బరువు పడకూడదు. జీను కింద అరచేతిని ముందు నుంచి వెనక్కి పోనిచ్చినప్పుడు రెండు కొసల్లో బిగిసి నడుమ వదులైతే, ఆ జీను ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టవలసిందే.

ఇరుకు జీను కింద మందపాటి మెత్త వేస్తే సరిపోతుందన్న సలహా తరచుగా వినిపిస్తుంది గాని, దానివల్ల ఇరుకు మరింత పెరుగుతుంది. స్వారీ ముగిశాక చెమట పట్టిన వీపు మీద అక్కడక్కడ పొడి మచ్చలు కనిపిస్తే, అక్కడ అతిగా ఒత్తిడి పడుతోందనో, జీను అసలు ఆనడం లేదనో అనుమానించాలి. జీనును పట్టి ఉంచే పొట్ట కింది పట్టీ బిగించేటప్పుడు చెవులు వెనక్కి వాల్చి కరవబోయే గుర్రాన్ని పొగరుబోతు అనే ముందు, దాని వీపు తడిమి చూడడం న్యాయం.

రౌతు విషయానికొస్తే, కూర్చున్నాక వెనుక నాలుగు వేళ్ళ చోటు మిగిలితే చాలు. అంతకన్నా ముఖ్యం రికాబులు, అంటే పాదాలు పెట్టుకునే కడియాలు, వేలాడే స్థానం: అది మరీ ముందుకుంటే పాదాలు ముందుకు పోయి, చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో నిలవవు. ఎంత సాధన చేసినా ఆ జీనులో కూర్చునే తీరు కుదరదు.

వయసునూ, మేతనూ, పనినీ బట్టి గుర్రం వీపు ఆకారం మారుతూ ఉంటుంది కనుక, అవసరాన్ని బట్టి తీసి మళ్ళీ నింపుకునే వీలున్న ఉన్ని కూరిన జీనుకే నా ఓటు.