పిన్ను వేయగానే ట్రాలీ తగిలినట్టు కాదు

పత్తి ఏరడం మొదలైందంటే మా దగ్గర రోడ్ల మీద ట్రాక్టర్లకు తెరిపి ఉండదు. నర్సంపేట నుంచి, పరకాల నుంచి, ములుగు నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, ఊళ్లల్ల నుంచి ఐకేపీ సెంటర్లకు వడ్లు. రేటు ఎంత, తేమ ఎంత, కాంటా ఎప్పుడు అని అందరం అడుగుతాం. ఇంత బరువున్న ట్రాలీని ట్రాక్టర్ ఇంజన్‌కు పట్టి ఉంచేది జానెడు ఇనుప పిన్ను ఒక్కటే, దాని గురించి అడిగేవాళ్లు మాత్రం కనబడరు. నాకు దాని మీదే టెన్షన్, అందుకే ఇది రాస్తున్నా.

మన దగ్గర చాలా ట్రాలీలకు పిన్ను ఉంటుంది కానీ పిన్ను కింద లాక్ క్లిప్ ఉండదు. పిన్ను పోతే స్లాబుకు వాడగా మిగిలిన సలాక ముక్కనో, పాత బోల్టునో దూర్చి నడిపిస్తారు. బోల్టుకు మర ఉన్న చోటే బలం తక్కువ, లాగుడు ఆ మర మీద పడితే అక్కడే తెగుతుంది. సలాక సన్నగా ఉంటుంది కాబట్టి రంధ్రంలో లూజుగా ఆడుతూ ప్రతి కుదుపుకూ దెబ్బ తింటుంది, వంగుతుంది. ఇక లాక్ లేని మంచి పిన్ను కూడా స్పీడ్ బ్రేకర్ మీద ట్రాలీ ఎగిరినప్పుడు పైకి లేచి బయటికి రావచ్చు. అది ఊడితే ట్రాలీ ముందు దూలం రోడ్డుకు గుచ్చుకుంటుంది, లేదంటే వెనక వచ్చే బైకు మీదికో, పక్కన నడిచే మనిషి మీదికో పోతుంది. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులే ఉండవు, ఇంజన్ నుంచి విడిపోయాక దాన్ని ఆపేది ఏదీ లేదు.

తగిలించేటప్పుడు జరిగే ప్రమాదం ఇంకోటి. డ్రైవర్ రివర్స్ వస్తుంటాడు, ఒక పిల్లగాడు ఇంజన్‌కూ ట్రాలీకీ నడుమ నిలబడి, దూలం భుజానికి ఎత్తుకుని 'రా రా రా' అంటుంటాడు. క్లచ్ మీద కాలు జారితే ఆ పిల్లగాడు రెండింటి మధ్య నలిగిపోతాడు. దయచేసి ఈ అలవాటు మానేయండి. ముందు ట్రాలీ టైర్లకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. దూలం ఎత్తు సరిచేయడానికి జాకీ ఉండాలి, మనిషి భుజం కాదు. సైగ చేసేవాడు పక్కకు, డ్రైవర్‌కు కనబడే చోట నిలబడాలి, కనబడకపోతే డ్రైవర్ అక్కడే బండి ఆపేయాలి. రంధ్రాలు దగ్గరికి వచ్చాక న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్ ఆఫ్ చేశాకే ఎవరైనా నడుమకు పోవాలి. రంధ్రాలు కలిశాయో లేదో వేలు పెట్టి చూడొద్దు, అటూ ఇటూ కదపాలంటే గడ్డపార ఉంది. పిన్ను పైనుంచి కిందికి వేసి, కింద క్లిప్ పెట్టి, ఆ తర్వాత ట్రాలీని ఇంజన్‌కు కట్టే గొలుసు. గొలుసులు రెండుంటే దూలం కింద అడ్డంగా దాటించి కట్టాలి, అప్పుడు పిన్ను పోయినా దూలం నేలకు తగలకుండా వాటి మీద ఆగే అవకాశం ఉంటుంది. మలుపు తిరిగేటంత వదులు ఉండాలి, రోడ్డు మీద ఈడ్చుకుపోయేటంత ఉండొద్దు.

అమెరికాలో పికప్ బండ్లకు గూస్‌నెక్ ట్రైలర్లు తగిలిస్తారు కదా, వాటి వీడియోలు నేను చాలా చూస్తాను. ట్రైలర్ మెడ పికప్ డబ్బా లోపలికి వచ్చి, వెనక ఇరుసుకు సరిగ్గా పైన గానీ కొంచెం ముందుకు గానీ బిగించిన ఇనుప గుండు మీద కూర్చుంటుంది. గుండు మామూలుగా 2 5/16 అంగుళాలు. బరువు ఇరుసు వెనక వేలాడకుండా ఇరుసు మీదే పడుతుంది కాబట్టి బండి నిలకడగా పోతుంది. అందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే, లాక్ వేశాక జాకీతో ట్రైలర్ మెడను కొద్దిగా పైకి ఎత్తి చూస్తారు. దాంతో పాటు పికప్ వెనక భాగం కూడా లేస్తే లాక్ పడినట్టు, మెడ ఒక్కటే లేస్తే పడనట్టు. ఆ తర్వాత గొలుసులు, లైట్ల వైరు, ఇంకో సన్నటి కేబుల్. ట్రైలర్ విడిపోతే ఆ కేబుల్ లాగబడి ట్రైలర్ బ్రేకులు వాటంతట అవే పడతాయి. మనకు అంత సరంజామా లేకపోయినా ఆ పరీక్ష పద్ధతి మనం తీసుకోవచ్చు. టైర్ల కింద రాళ్లు తీయకముందే లో గేరులో రవ్వంత ముందుకు లాగి, ఆపి, దిగి పిన్నూ క్లిప్పూ చూసుకోవాలి.

లోడు సంగతి కూడా ఇందులోదే. ఎడ్లబండి తోలిన పెద్దలకు బాగా తెలుసు, బరువు వెనక్కి పడితే కాడి పైకి లేచి ఎడ్ల మెడ పట్టేస్తుంది. రెండు చక్రాల ట్రాలీకి కూడా అంతే. బస్తాలన్నీ వెనక వేస్తే దూలం ఇంజన్ వెనక హుక్కును పైకి గుంజుతుంది, ఇంజన్ వెనక టైర్లకు పట్టు తగ్గుతుంది. అదే స్థితిలో పిన్ను తీశారో, దూలం గాల్లోకి లేచి మొహానికి కొడుతుంది. ఇరుసుకు ముందు కాస్త ఎక్కువ బరువు ఉండేలా వేయాలి. మరీ ముందుకే వేస్తే ఇంజన్ మూతి తేలికై స్టీరింగ్ మాట వినదు. హుక్కు చోటు కూడా మార్చొద్దు, పైన టాప్ లింక్ (నాగలి తగిలించే పై కడ్డీ) దగ్గర గొలుసు కట్టి లాగితే ఇంజన్ వెనక్కి తిరగబడుతుంది.

రోడ్డెక్కే ముందు ఎడమ టైరుకొకటి, కుడి టైరుకొకటి ఉండే రెండు బ్రేకు పెడల్స్‌ను కలిపే లాక్ వేయాలి, దుక్కిలో విడదీసినవి అట్లనే మర్చిపోతాం. లోడుతో ఒక్క టైరుకే బ్రేకు పడితే ట్రాలీ ఇంజన్‌ను పక్కకు తోసేస్తుంది. దిగుడు రోడ్డు మీద న్యూట్రల్ వద్దు, క్లచ్ తొక్కుతూ పోవడం అస్సలు వద్దు, ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే. రాత్రి మార్కెట్ దగ్గర లైన్‌లో ఆపాల్సి వస్తే వెనక రేడియం స్టిక్కర్లు పత్తి బోరాల కింద దాక్కోకుండా చూడండి.

మేడారం జాతరకు ట్రాలీల్లో జనాన్ని ఎక్కించుకుపోవడం గురించి ఒక్క మాట. ట్రాలీ సరుకు కోసం చేసింది, చట్టం కూడా అందులో మనుషులను ఒప్పుకోదు. పిల్లలను బస్సు ఎక్కించండి.

పాత పిన్ను నడుమ అరిగి సన్నబడి ఉంటే వెల్డింగ్‌తో నింపించడం కాదు, కొత్తది తీసుకోండి, హుక్కు రంధ్రానికి సరిపోయే మందంలో. క్లిప్పులు మాత్రం నాలుగైదు ఎక్కువే కొని టూల్ బాక్సులో వేసి పెట్టుకోండి, అవి మట్టిలో పడితే దొరకవు.