ఝలక్‌మాన్ ఊరికి

నేపాల్‌లోని పోఖరాకు వచ్చిన వాళ్లలో ఎక్కువమంది ఫేవా సరస్సు ఒడ్డునే ఆగిపోతారు. పడవ షికారు, సారంగ్‌కోట్ మీద సూర్యోదయం, మబ్బులు కరుణిస్తే మచ్ఛపుచ్ఛ్రే శిఖరం. అవన్నీ నేనూ చూశాను, బాగున్నాయి. కానీ కాఠ్‌మాండూ నుంచి 200 కిలోమీటర్లు బస్సులో దుమ్ము తింటూ వచ్చింది వాటి కోసం కాదు. నగరానికి ఉత్తరపు కొసన ఉన్న బాటులేచౌర్ కోసం. గాయకుడు ఝలక్‌మాన్ గంధర్వ 1935లో పుట్టింది అక్కడే.

ఆయన పాట నేను మొదట విన్నది దుబాయిలో. పక్క గదిలో ఉండే నేపాలీలు సెలవు రోజు రాత్రి ఫోనులో పెట్టుకునేవారు. ఒక సారంగి, ఒక మగ గొంతు, అంతే. ‘ఆమాలే సోధ్లిన్ నీ’ అని మొదలవుతుంది. యుద్ధంలో ప్రాణం పోతున్న గూర్ఖా సిపాయి తోటివాడికి కబుర్లు అప్పగిస్తుంటాడు. అమ్మ అడిగితే ఈ మాట చెప్పు, నాన్న అడిగితే ఆ మాట చెప్పు అని. పోయానని మాత్రం ఎవరికీ చెప్పమనడు. అన్న అడిగితే, ఆస్తిలో నీ వాటా పెరిగిందని చెప్పమంటాడు. ఆ చరణానికి అర్థం చెప్పించుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గల్ఫ్ నుంచి శవపేటికల్లో ఇల్లు చేరిన వాళ్లు మా జగిత్యాల వైపు ఎందరో ఉన్నారు. కాఠ్‌మాండూ విమానాశ్రయంలోనూ అవే పెట్టెలు దిగుతుంటాయి. అందుకే నేపాలీ కూలీలు ఆ సిపాయి పాటను తమ పాటగా చేసుకున్నారు.

బగర్ మీదుగా వెళ్లే సిటీ బస్సు ఎక్కాను. దారిలో కె.ఐ. సింగ్ వంతెన దగ్గర దిగి, కిందికి తొంగి చూశాను. సేతీ నది అక్కడ ఎంత ఇరుకైన చీలికలోకి దూరుతుందంటే, నీళ్లు కనిపించే లోపే హోరు వినిపిస్తుంది. సున్నపురాతి ఒండ్రుతో నీళ్లు పాలరంగులో ఉన్నాయి. బాటులేచౌర్ చేరే యాత్రికులంతా దాదాపుగా మహేంద్ర గుహకే పోతారు. గుహ గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. చీకటి, తడి, టికెట్టు.

ఝలక్‌మాన్ కులం వాళ్లు, అంటే ఊరూరా సారంగి మీద పాడే గంధర్వుల ఇళ్లు ఎక్కడని అడిగితే ఒక దుకాణదారు దారి చూపించాడు. ఒక వాకిట్లో వృద్ధుడు సారంగి చెక్కుతున్నాడు. "నమస్తే బా" అన్నాను. పీట చూపించి కూర్చోమన్నాడు. మా ఇద్దరికీ కొద్దిగా హిందీ వచ్చు, అది చాలింది. హిందుస్తానీ కచేరీల్లో చూసే పెద్ద సారంగి కాదు ఇది. మూరెడు కొయ్యను ఒకే ముక్కగా తొలిచి, కింది భాగానికి మేకతోలు బిగించి, నాలుగు తీగలు కడతారు. తీగను వేలి కొసతో నొక్కరు, గోటితో పక్కనుంచి ఆనిస్తారు. పూర్వం పేగుతో చేసిన తీగలు, గుర్రపు వెంట్రుకల కమాను ఉండేవట. ఇప్పుడు నైలాన్.

చిన్నప్పుడు తండ్రి వెంట కొండ ఊళ్లన్నీ తిరిగానన్నాడు. గంధర్వులంటే ఒకప్పుడు నడిచే వార్తాపత్రికలు. యుద్ధాలు, రాజుల కథలు, కొండచరియలు విరిగిపడిన కబుర్లు, అన్నిటినీ కర్ఖా అనే కథాగేయాలుగా ఇంటింటా పాడేవారు. గింజలు జోలెలో పడేవి, గడప లోపలికి మాత్రం రానిచ్చేవారు కారు. 1854 నాటి నేపాల్ చట్టసంహిత ములుకీ ఐన్ అంటరానితనాన్ని చట్టంలోకి ఎక్కించింది. 1963లో కొత్త చట్టం దాన్ని తీసేసింది. వాకిట్లో నిలబెట్టిన ఇళ్లలోకే ఝలక్‌మాన్ గొంతు రేడియో నేపాల్ ద్వారా నేరుగా వెళ్లింది. తన కులం పాటను ఆ రేడియోలో రికార్డు చేసిన తొలి గంధర్వుడు ఆయనే అంటారు. అయితే కబుర్లు రేడియోలోనే వస్తుంటే ఇంటింటి గాయకుడితో ఎవరికి పని? ఆయనకు పేరు తెచ్చిన రేడియో పెట్టే ఆయన వాళ్ల వృత్తిని మింగింది. 2003లో ఆయన పోయేనాటికి గంధర్వుల పిల్లలు కాఠ్‌మాండూ థమేల్ వీధుల్లో విదేశీయులకు బొమ్మ సారంగులు అమ్ముతున్నారు.

వాకిట్లోని వృద్ధుణ్ని ఒక కర్ఖా పాడమన్నాను. ఆయన నా వైపు అనుమానంగా చూశాడు. వచ్చే వాళ్లంతా అందరికీ తెలిసిన జానపద పాట ‘రేశమ్ ఫిరిరి’ అడుగుతారట. తర్వాత చాలాసేపు పాడాడు. గొంతు చాలాచోట్ల జీరపోయింది, కానీ శ్రుతి తప్పలేదు. ఒక్కో చరణం తర్వాత సారంగి ఆ మాటలనే మళ్లీ తన గొంతుతో పలికేది. రికార్డులో ఇది ఇంత స్పష్టంగా వినిపించదు.

డబ్బులిస్తే మొహమాటం లేకుండా తీసుకున్నాడు. అదే పద్ధతి, ఆయన పని అది. ఈలోగా మనవడు టీ తెచ్చాడు. సారంగి వాడికీ వచ్చు, కొరియా వెళ్లడానికి భాషా పరీక్షకు చదువుతున్నాడు. అది కుదరకపోతే గల్ఫేనట. నేను దుబాయిలో పనిచేశానని తెలిసి, జీతమెంత, గదికెంతమంది, ఏజెంటుకు ఎంత కట్టాలి అని వరసగా అడిగాడు. తాతను పక్కన పెట్టుకునే అన్నీ ఉన్నదున్నట్టు చెప్పాను. పాస్‌పోర్టు ఎవరి చేతిలోనూ పెట్టవద్దని రెండుసార్లు చెప్పాను.