ముట్టడిలో కొన్న పొలం

"ఇండ్లును పొలములును ద్రాక్షతోటలును ఇంక ఈ దేశములో కొనబడును." (యిర్మీయా 32:15)

ఈ ఒక్క వచనమే చదివితే కొత్త సంవత్సరం వాగ్దాన కార్డు మీద వేసుకోవాలనిపిస్తుంది. కానీ ఈ మాట బయటికి వచ్చింది జైల్లోంచి. యిర్మీయా ప్రవక్తను అక్కడ పెట్టించింది కూడా శత్రువు కాదు, సొంత రాజు సిద్కియా. బయట బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది. సిద్కియా ఏలుబడిలో అది పదో సంవత్సరం. పదకొండో ఏట పట్టణం కూలిపోయింది.

సిద్కియా ఎలాంటి పాలకుడో 34వ అధ్యాయం చెబుతుంది. ముట్టడి బిగుసుకున్నప్పుడు జనంతో ఒడంబడిక చేసుకుని, హెబ్రీ దాసదాసీలందరినీ విడిచిపెట్టాలని చాటించాడు. అందరూ ఒప్పుకుని విడిచిపెట్టారు కూడా. తీరా ఐగుప్తు సైన్యం కదిలిందని తెలిసి బబులోనువాళ్లు కాస్త వెనక్కి తగ్గగానే, విడిపించినవాళ్లనే మళ్లీ పట్టి తెచ్చి దాసులను చేసుకున్నారు. ఎన్నికలకు ముందు ఒక మాట, గెలిచాక ఇంకో మాట విని విని విసిగిపోయిన మనకు ఈ అధ్యాయానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ప్రవక్త మాట మీద రాజుకు గురి లేకపోలేదు. చాటుగా పిలిపించి, దేవుని దగ్గర నుంచి ఏమైనా మాట వచ్చిందా అని అడిగేవాడు. అధిపతులు ఆ ప్రవక్తను చంపుతామంటే మాత్రం "రాజు మీకు అడ్డము రాజాలడు" అని చేతులెత్తేశాడు (38:5).

అలాంటి రోజుల్లో పినతండ్రి కొడుకు హనమేలు జైలుకొచ్చి, అనాతోతులో ఉన్న తన పొలం కొనమన్నాడు. అనాతోతు యిర్మీయా సొంతూరు, యెరూషలేముకు ఐదు కిలోమీటర్ల దూరం కూడా ఉండదు. ముట్టడి వేసిన సైన్యానికి అందుబాటులో ఉన్న నేల అది. పైగా ఒకప్పుడు ఇతన్ని చంపాలని చూసింది ఆ ఊరివాళ్లే (11:21). ప్రభుత్వం మారితే ఎకరం ధర ఎటు పోతుందో, రాజధాని ఎటు కదులుతుందో అని లెక్కలేసుకునే మన ఊళ్లలో అయితే ఈ బేరం దగ్గరికి ఎవరూ రారు.

యిర్మీయా మాత్రం 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. క్రయపత్రం రాసి ముద్ర వేశాడు, సాక్షులను పిలిచాడు. ముద్ర ఉన్న పత్రం ఒకటి, ముద్ర లేనిది ఒకటి. రెండూ చాలాకాలం పాడవకుండా మట్టికుండలో దాచిపెట్టమని తన లేఖకుడు బారూకుకు అప్పగించాడు. ప్రసంగాల్లో గబగబా దాటేసే ఈ కాగితాల పనే నాకు ఈ అధ్యాయంలో అన్నిటికంటే ఇష్టం. దేశం బాగుపడుతుందని నోటితో అనడం తేలిక. దానికి సొంత డబ్బు లెక్కపెట్టి ఇవ్వడం వేరు.

రిజిస్ట్రేషన్ అంతా అయ్యాక ఆయనకే టెన్షన్ పట్టుకుంది. ముట్టడి దిబ్బలు కళ్లముందు కనబడుతుంటే పొలం కొనమని నువ్వే చెప్పావు కదా ప్రభువా, అని ప్రార్థనలో అడిగేశాడు. "నేను యెహోవాను, సర్వశరీరులకు దేవుడను, నాకు అసాధ్యమైనదేదైన నుండునా?" అని జవాబొచ్చింది. మనం సాధారణంగా ఇక్కడే ఆమేన్ అని ఆపేస్తాం. ఆ వెంటనే ఉన్న వచనం, పట్టణాన్ని బబులోను చేతికి అప్పగిస్తున్నానని చెబుతుంది. అంతకుముందు హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని మందిరంలో అందరి ముందూ ప్రకటించాడు. జనానికి బాగా నచ్చే మాట, పచ్చి అబద్ధం. ఫలానా నాయకుడే గెలుస్తాడని ప్రభువు తనకు చెప్పాడంటూ ఇవాళ వేదికలెక్కేవాళ్లను చూసినా నాకు హనన్యాయే గుర్తొస్తాడు.

జర్మనీలో బోన్‌హోఫర్ అనే పాస్టర్ ఈ వచనాన్ని పట్టుకున్నాడు. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాక ఆయనకు దేశం మీదే కాదు, సంఘం మీద కూడా ఆశ పెట్టుకునే పరిస్థితి లేకుండా పోయింది. ఆ ఏడాది జరిగిన సంఘ ఎన్నికల్లో నాజీలను సమర్థించే క్రైస్తవులే భారీగా గెలిచారు. 1939లో అమెరికాలో క్షేమంగా ఉండిపోయే అవకాశం వస్తే కాదనుకుని తిరిగొచ్చాడు. 1943 జనవరిలో మరియా అనే అమ్మాయితో పెళ్లి నిశ్చయమైంది, ఏప్రిల్‌లో అరెస్టయ్యాడు. ఆ ఆగస్టులో జైలు నుంచి ఆమెకు రాసిన ఉత్తరంలో ఈ 15వ వచనాన్నే ఎత్తి రాశాడు. బాంబులు పడుతున్న దేశంలో పెళ్లికి సిద్ధపడటం ఆయన దృష్టిలో అనాతోతు పొలం కొనడమే. ఆ పెళ్లి జరగలేదు. 1945 ఏప్రిల్ 9న ఆయన్ని ఉరితీశారు, యూరప్‌లో యుద్ధం ముగియడానికి సుమారు నెల ముందు.

యిర్మీయా కూడా తన పొలంలో అడుగుపెట్టినట్టు ఎక్కడా లేదు. చివరికి ఆయన్ని జనం ఐగుప్తుకు తీసుకుపోయారు. కానీ ఎజ్రా 2వ అధ్యాయంలో బబులోను చెరనుంచి తిరిగొచ్చినవాళ్ల పట్టికలో "అనాతోతు" వాళ్లు 128 మంది ఉన్నారు. ఇలాంటి లెక్కల వచనాలను ఇకమీదట వదిలేయకుండా చదవండి.

తిరిగొచ్చినవాళ్లకు సొంత రాజు లేడు. పారసీకుల పాలన కింద పన్నులు కడుతూనే దున్నుకున్నారు. పొలాల గురించిన మాట అలా నెరవేరింది. పాలకుడి గురించి అదే జైల్లో ఉండగా వచ్చిన ఇంకో మాట 33:15లో ఉంది. దావీదుకు ఒక నీతిచిగురు మొలుస్తుందని, అతడు నీతి న్యాయాలు జరిగిస్తాడని. ఆ చిగురు యేసే అని మన విశ్వాసం. ఆయన కూడా ఒక సిద్కియా ముందు నిలబడవలసి వచ్చింది. ఏ దోషమూ కనబడలేదని తెలిసే రోమా అధిపతి పిలాతు జనానికి భయపడి అప్పగించేశాడు. మూడో దినాన సమాధి తెరుచుకునేటప్పటికి పిలాతు ఇంకా పదవిలోనే ఉన్నాడు.