మంగళవారం, ఒంగోలు బెంచీ మీద

ఈరోజు మళ్లీ నాయన్ని డయాలసిస్‌కి ఒంగోలు తీసుకుపోయా. పొదిలిలో ఆరింటికి బస్సెక్కాం, చీమకుర్తి కాడ గ్రానైట్ లారీ ఎనక ఇరుక్కుని లేటయింది, పోగానే తూకం వేస్తే మూడున్నర కిలోలు ఎక్కువ. అంతా నీరే, కిడ్నీలు పనిచేయక ఒంట్లోనే నిలిచిపోయింది. మంగళ, గురు, శని మా రోజులు, శనివారం తర్వాత రెండ్రోజులు గ్యాప్ కాబట్టి మంగళవారం ఎప్పుడూ ఇదే గొడవ. సిస్టర్ నన్ను చూసింది, నేను నాయన్ని చూశా, ఆయన పైన ఫ్యాన్ని చూశాడు.

నిన్న రాత్రి బాగా అరిచాలే ఆయన మీద. రెండింటికి వంటింట్లో చప్పుడైతే లేచి పోయా, చీకట్లో బిందె కాడ నిలబడి చెంబెత్తి గటగటా తాగుతున్నాడు. చిన్నపిల్లోడివా అన్నా. ఏమీ మాట్లాడకుండా పోయి పడుకున్నాడు.

మిషన్ ఖాళీ అయ్యేదాకా బెంచీ మీద కూర్చున్నాం. పక్కన కనిగిరి వైపు పెద్దామె, ఆరేళ్ల నుంచి డయాలసిస్ చేయించుకుంటందంట, చేతి మీద ఫిస్టులా, అదే మిషన్ సూదులు గుచ్చే నరం, తాడు మాదిరి ఉబ్బిపోయుంది. తూకం సంగతి విని నవ్వింది. "మొదటేడు నేనూ అంతే అన్నా, పుక్కిలిస్తానని పోయి మింగేదాన్ని, మా కోడలు బాత్రూం బయట కాపలా. ఒకరోజు మనవడి స్కూల్ బ్యాగులో బాటిల్ తీసి తాగేశా, వాడు సాయంత్రం ఏడ్చుకుంటా వచ్చాడు."

నాయన కూడా నవ్వాడు. నవ్వి, ఆమెతో చెప్తున్నాడు, నాతో కాదు: "నాకు కల్లో బావి వస్తదమ్మా. చేద లాగతా ఉంటా, నీళ్ల బరువు చేతికి తెలస్తా ఉంటది, అంచు దాకా రాగానే మెలకువొస్తది."

ఏడాదిన్నరగా ఇంట్లో ఉన్న మనిషి, ఈ ముక్క నాకెప్పుడూ చెప్పలా. నేనడిగితే కదా. నేనడిగేదంతా ఎన్ని గ్లాసులు తాగావు, టిఫిన్‌లో ఉప్పు ఎక్కువైందా, ఇదే. డాక్టర్ చెప్పిన లెక్క గోడ మీద రాసి పెట్టా, అదే నాకు తెలిసిన జబ్బు.

ఆమె పొద్దున్నే ఒక బాటిల్లో రోజు కోటా పోసుకుంటదంట, అందులోంచే కొంచెం ఐస్ ట్రేలో గడ్డ కట్టించి ముక్క ముక్క చప్పరిస్తదంట. అదీ లెక్కలోకే వస్తది అని రెండుసార్లు చెప్పింది.

నాలుగ్గంటలు మిషన్ మీద ఉండి, వచ్చేటప్పుడు మెత్తబడిపోయాడు. బస్సులో నీళ్ల ప్యాకెట్ల పిల్లోడు ఎక్కాడు, నాకు గొంతెండిపోతోంది, అయినా కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చున్నా. నాయనే పది రూపాయలు తీసి ఒకటి కొని నా చేతిలో పెట్టాడు. తాగేదాకా చూసి, "ఫ్రిజ్‌లో ఐస్ ట్రే ఉందారా మనకి?" అన్నాడు.