సబ్‌వూఫర్ బాక్స్ చేయించుకున్నా: పోర్ట్ కొలిచేదాకా ఎవరి లెక్కా నమ్మకండి

కారు డిక్కీలో సబ్‌వూఫర్ (లోతైన బేస్ పలికించే పెద్ద స్పీకర్) బాక్స్ ఇవాళే బిగించాను. ముందు రెడీమేడ్ బాక్స్ కోసమే తిరిగాను. "ఇది ఎన్ని లీటర్లు? ఎన్ని హెర్ట్జ్‌కి ట్యూన్ అయింది?" అని ఒక దుకాణంలో అడిగితే, కౌంటర్లో ఉన్నాయన నలుగురి ముందూ నవ్వి, "అన్నా, నీకు బేస్ కావాలా, లెక్కలు కావాలా?" అన్నాడు. ఆ మాట ఇంకా మండుతూనే ఉంది. లెక్క లేకుండా బేస్ ఎక్కణ్నుంచి వస్తుంది? ఆ రెండు అంకెలు చెప్పలేనివాళ్ల దగ్గర బాక్స్ కొనకండి.

నాది 12 అంగుళాల డ్రైవర్, అంటే బాక్స్‌లో బిగించే స్పీకర్. దాంతో వచ్చే కాగితంలో వాట్ల కంటే ముందు చూడాల్సినవి క్యూటీఎస్ (స్పీకర్ ఊగును తనంత తాను ఎంత అదుపు చేసుకుంటుందో చెప్పే అంకె), వీఏఎస్ (స్పీకర్ స్ప్రింగు బిగువుకు సమానమైన గాలి, లీటర్లలో). నా డ్రైవర్‌కి అవి 0.45, 60 లీటర్లు. మూసిన బాక్స్‌కైతే లెక్క తేలిక. వీఏఎస్‌ని బాక్స్ లీటర్లతో భాగించి, 1 కలిపి, వర్గమూలం తీసి, క్యూటీఎస్‌తో గుణించాలి. 40 లీటర్లకు 0.71 వస్తుంది, బేస్ సమంగా పలుకుతుంది. 20 లీటర్లకు కుదిస్తే 0.9 అవుతుంది. అప్పుడు ఒకచోట ఉబ్బి, లోతు పోతుంది. డిక్కీలో చోటు తక్కువున్నవాళ్లు మూసిన బాక్సే చేయించుకోండి. నాకు 35 నుంచి 50 హెర్ట్జ్ మధ్య బలం కావాలి కాబట్టి పోర్ట్ (గాలి వచ్చిపోయే గొట్టం) ఉన్న బాక్స్ ఎంచుకున్నా: నికరం 50 లీటర్లు, ట్యూనింగ్ 34 హెర్ట్జ్.

ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం పలుకుతుంది కదా, పోర్ట్ పని కూడా అదే, ఆ స్వరమే ట్యూనింగ్. పొడవు లెక్క ఇది: 23562.5ని పోర్ట్ వ్యాసం వర్గంతో గుణించి, దాన్ని ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ వర్గం, లీటర్ల లబ్ధంతో భాగించాలి. వచ్చినదాంట్లోంచి వ్యాసానికి 0.732 రెట్లు తీసేయాలి. పొడవు, వ్యాసం సెంటీమీటర్లలో. 110 ఎంఎం పీవీసీ పైపు వాడేవాళ్లు లోపలి వ్యాసం స్వయంగా కొలవండి, 110 అనేది బయటి కొలత. లోపల 10.4 ఉంటే పొడవు 36.5 సెంటీమీటర్లు వస్తుంది. కానీ దాని వైశాల్యం 85 చదరపు సెంటీమీటర్లే. 12 అంగుళాల డ్రైవర్ గట్టిగా కొట్టినప్పుడు గాలి బుస్సుమంటుంది. అలాంటి పైపులు రెండు పెడితే ఒక్కోటీ 80 సెంటీమీటర్లు కావాలి, బాక్స్‌లో పట్టవు. అందుకే ఎల్ ఆకారంలో మడిచిన స్లాట్ పోర్ట్ (పలకలతో చేసే సన్నటి చీలిక) వేశాను: 34 ఎత్తు, 4.5 వెడల్పు, అంతే వైశాల్యమున్న వృత్తం వ్యాసంతో లెక్కేస్తే పొడవు 69.

బాక్స్ లోపలి కొలతలు 61, 33, 34 సెంటీమీటర్లు, అంటే 68.4 లీటర్లు. అందులో పోర్ట్, దాని చెక్క కలిపి 14.7, డ్రైవర్ వెనకభాగం 3, అడ్డకర్ర 0.7 పోతే 50 మిగులుతుంది. చెక్క 18 ఎంఎం ఎండీఎఫ్ (చెక్కపొడిని అదిమి చేసే పలక). చవక ప్లైవుడ్ పొరల మధ్య ఖాళీలుంటాయి, గాలి కారుతుంది. వడ్రంగికి "ఇవి లోపలి కొలతలు" అని కాగితం మీద పెద్దక్షరాల్లో రాసివ్వండి. బయటివి అనుకుని కోస్తే 68 లీటర్లు 51కి పడిపోతాయి. స్క్రూకి ముందు సన్నబిట్‌తో రంధ్రం వేయకపోతే ఎండీఎఫ్ అంచు చీలుతుంది. కీళ్లన్నిటికీ ఫెవికాల్ పెట్టించాను, పోర్ట్ చివరి పలకకు తప్ప. దాన్ని స్క్రూలతోనే నిలబెట్టించాను. "జిగురు లేకపోతే ఎట్లా సార్?" అని వడ్రంగి గొణిగాడు. నేను వినలేదు, మీరూ వినొద్దు.

ఎందుకంటే అసలు పరీక్ష ఇక్కడే. ఆంప్ (యాంప్లిఫైయర్) ప్లస్‌కీ డ్రైవర్‌కీ మధ్య 100 ఓమ్, 5 వాట్ రెసిస్టర్ ఒకటి. కోఠి గుజరాతీ గల్లీలాంటి ఎలక్ట్రానిక్స్ వీధిలో దొరుకుతుంది. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్. ఆంప్‌లో లోపాస్ (పై స్వరాలను ఆపే ఫిల్టర్), సబ్‌సోనిక్ (మరీ కింది స్వరాలను ఆపే ఫిల్టర్), బేస్ బూస్ట్ అన్నీ ఆపేయాలి. ఆంప్ నుంచి 5 వోల్టుల ఏసీ వచ్చేలా పెట్టి, 15 నుంచి 70 హెర్ట్జ్ దాకా ఒక్కో హెర్ట్జ్ పెంచుతూ డ్రైవర్ కొసల మధ్య వోల్టేజీ రాసుకోవాలి. రెండు శిఖరాలు, మధ్యలో ఒక లోయ వస్తాయి. ఆ లోయ అడుగే బాక్స్ ట్యూనింగ్. ఎక్కువమంది దగ్గరుండే చిన్న పసుపు మీటర్‌లో ఏసీ రేంజ్ 200 నుంచే మొదలవుతుంది, ఇందుకు పనికిరాదు. 2 వోల్టుల ఏసీ రేంజ్ ఉన్న మీటర్ కావాలి. ప్రతి అంకె దగ్గరా ఆంప్ అవుట్‌పుట్ కూడా చూసుకోండి. అది మారుతుంటే ఏదో ఫిల్టర్ ఇంకా ఆన్‌లో ఉన్నట్టే, లోయ పక్కకు జరిగి కనబడుతుంది.

34 రావాల్సిన చోట 32 వచ్చింది. చూడ్డానికొచ్చిన ఫిట్టర్ మీటర్‌నే తప్పుబట్టాడు, రెండు హెర్ట్జ్‌కి ఇంత గొడవెందుకన్నాడు. రెసిస్టర్ తీసేసి, కోన్ (స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ కదిలే పొర) మీద సుద్దచుక్క పెట్టి చూపించాను. సరిగ్గా 32 దగ్గర కోన్ దాదాపు కదలదు, పోర్ట్‌లోంచి గాలి మాత్రం చేతికి కొడుతుంది. ఇక మీటర్‌ని అనడానికేం లేదు. కారణం స్లాట్ పోర్టే. లోపలి కొసలో దానికి మూడు వైపులా బాక్స్ గోడలే ఉంటాయి. పోర్ట్ దాటినా గాలి ఆ గోడల వెంట కొంతదూరం పోర్ట్‌లో ఉన్నట్టే కదులుతుంది. గుండ్రటి పైపు కోసం పెట్టుకున్న 0.732 దీనికి చాలదు.

ఎంత కోయాలి? ఫ్రీక్వెన్సీ నిష్పత్తి వర్గం ప్రకారం 10 సెంటీమీటర్లు. కానీ పోర్ట్ కోసినకొద్దీ ఆ చోటూ చెక్కా బాక్స్ గాలిలో కలిసి నికరం పెరుగుతుంది, ట్యూనింగ్ మళ్లీ కాస్త దిగుతుంది. రెండూ కలిపి లెక్కేస్తే 15 వచ్చింది. ఒకేసారి కోయకుండా అయిదేసి చొప్పున కోస్తూ కొలిచాను, 15 దగ్గర లోయ 34 మీదికి వచ్చి నిలిచింది. అప్పుడు పెట్టించాను జిగురు. ఆ పలకను ముందే అతికించి ఉంటే పెట్టె పగలగొట్టాల్సి వచ్చేది. ఆ రెండు హెర్ట్జ్‌ని ఫిట్టర్‌తో ఒప్పించాననే సంతోషం, డిక్కీలో మోగే బేస్ కంటే తక్కువేం కాదు.

లీకులకు అగరొత్తి చాలు: 30 హెర్ట్జ్ సన్నగా మోగిస్తూ కీళ్ల దగ్గర పెట్టండి, పొగ ఎక్కడ ఉలిక్కిపడితే అక్కడ సీలెంట్. కార్లో పోర్ట్ మూతికీ సీటుకీ మధ్య పది సెంటీమీటర్లైనా వదలండి, మూతి దగ్గర అడ్డముంటే ట్యూనింగ్ ఇంకా దిగుతుంది.

ఆంప్ పని గంటలో అయిపోయింది. ఫ్యూజ్ బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే. లోపాస్ 80 హెర్ట్జ్. గెయిన్ (ఆంప్ సిగ్నల్‌ని ఎంత పెంచాలో పెట్టే నాబ్) చెవితో కాదు, మీటర్‌తో పెట్టండి. ఆంప్ 300 వాట్లు, డ్రైవర్ 2 ఓమ్‌లు అయితే 300ని 2తో గుణించి వర్గమూలం తీస్తే 24.5 వోల్టులు, స్పీకర్ తీగ ఊడదీసి అంతవరకే. అట్ట మీద రాసే మ్యాక్స్ వాట్లతో ఈ లెక్క చేయకండి, ఆర్ఎంఎస్ (నిలకడగా ఇచ్చే వాట్లు) అంకె తీసుకోండి. సబ్‌సోనిక్ 27 హెర్ట్జ్. ఇది ఆపేసి నడపొద్దు. ట్యూనింగ్ కంటే కింద బాక్స్ గాలి కోన్‌ను పట్టుకోదు, కాయిల్ బయటికొచ్చి డ్రైవర్ పోతుంది. నెంబర్ ప్లేట్ వెనక ఫోమ్ టేపు అతికించాను, డిక్కీ రేకు మోత తగ్గింది. నెల తిరగ్గానే డ్రైవర్ స్క్రూలు ఇంకోసారి బిగించాలి, ఎండీఎఫ్‌లో అవి వదులవుతాయి.